గోల్‌కీపరు మీద పులి మొక్కు

ఫిబ్రవరి 23, ఆదివారం

గెలిచారు. ఒకటి–సున్న.

ఫుట్‌బాల్ ఆటకి ఒక్కతీ వెళ్ళలేనని అపర్ణ అంటే తోడు వెళ్ళాను, అంతే. కోడలికి తోడుగా ఎండలో సిమెంటు మెట్ల మీద కూర్చోవడం అత్తగారి విధుల్లో ఎక్కడా లేదు. అయినా కూర్చున్నాను. మా బరంపురంలోని హల్దియాపదర్ యువక సంఘం వచ్చే సీజన్లో జిల్లా లీగు మొదటి డివిజన్లో ఆడుతుందట. నాకు తెలిసి ఆ క్లబ్బు పుట్టిన దగ్గర్నుంచీ రెండో డివిజన్లోనే ఉంది, పాత అద్దె ఇల్లు వదలనివాళ్ళలా.

గోలు కొట్టింది మా వీధి బుల్లమ్మ కొడుకు లక్ష్ముడు. మా పవన్ గోల్‌కీపరు. చివర్లో అవతలివాడొకడు అందర్నీ దాటుకుని పవన్ ఎదురుగా ఒంటరిగా వచ్చేశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. మూసుకుని ఏదో అనుకున్నాను. తెరిచేసరికి బంతి మనవడి చేతుల్లో ఉంది.

ఏమనుకున్నానో ఇక్కడ రాయక్కర్లేదు.

ఫిబ్రవరి 24

నా కొడుకు రవికాంత్ దుకాణం నుంచి వచ్చి, భోంచేసి, చెయ్యి కడుక్కుంటూ తీర్పు చెప్పాడు. పసుపు, మిర్చి టోకు వ్యాపారం చేసేవాడు ఏ మాటైనా బస్తా దింపినట్టే చెబుతాడు.

"ఒక్క సీజను. ఆ పై డివిజన్లో నిలబడ్డారా, ఎన్నాళ్ళైనా ఆడుకో, నేనేటీ అనను. కిందికి జారేరా, మర్నాడే దుకాణానికొచ్చి కూకో. ఇరవై నాలుగేళ్ళొచ్చేయి. ఇంకా బంతి పట్టుకుంటానంటే ఏటిది?"

"సరే నాన్నా."

"నాతో కాదు. మీ మామ్మ ముందు సెప్పు. రేపు నేనలాగ అన్లేదంటావు."

పవన్ నా వైపు తిరిగి మళ్ళీ సరే అన్నాడు. వాడికి బంతి తప్ప ఇంకేమీ పట్టదు. దుకాణంలో కూర్చోబెడితే మొదటి వారంలోనే మిర్చికీ పసుపుకీ తేడా మర్చిపోతాడు. అది వాళ్ళ నాన్నకీ తెలుసు. కొడుకు ఆట ఇంతవరకు ఒక్కసారీ చూడలేదు రవికాంత్. గోల్‌కీపరంటే గేటు దగ్గర వాచ్‌మన్ లాంటివాడనుకుంటాడు.

నేను ఎవరి పక్షమూ కాదు.

మార్చి 2

కోచ్ మసేను వచ్చాడు. ఒకప్పుడు పోలీసు జట్టుకి ఆడినవాడు. ఇప్పుడు మోకాళ్ళు పోయి, గొంతు మాత్రం మిగిలింది. మొదటి డివిజన్లో మీవాళ్ళ పరిస్థితి ఎలా ఉంటుందని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

"నిజం సెప్పమన్నారా, సంతోషంగా ఉండేది సెప్పమన్నారా అమ్మగారూ?"

"టీ ఒకటే రకం ఉంది. నిజమే చెప్పు."

"పన్నెండు జట్లు. అడుగునున్న రెండూ కిందికి పోతాయి. మనం పదో సోట్లో ఆగితే సాలు, అదే మనకి కప్పు."

"పదో స్థానం కోసం ఆడే జట్టుని మొదటిసారి చూస్తున్నాను."

"పదకొండోది సూసేరంటే పదో దాని ఇలువ తెలుస్తాది."

తర్వాత వరసగా చెప్పుకొచ్చాడు. వెనకాల కాపలా కాసేవాళ్ళిద్దరూ బరువు. లక్ష్ముడిది ఎడమ కాలు బంగారం, కుడి కాలు నడవడానికి మాత్రమే. పవన్ బాగా ఎగురుతాడు.

"బాబు సేతులు మంచియ్యి గానీ నోరు లేదండీ. గోలీ అన్నోడు ఎనకాల్నించి అరవాల. మీ ఇంట్లో నోరంతా ఒక్క సోటే ఉండిపోయినట్టుంది."

ఇది తిట్టో పొగడ్తో తేల్చుకోలేక ఇంకో కప్పు పోయించాను.

వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అన్నాడు. హుమ్మ ఊరి జట్టు ఒక్కటే మనలాంటిదట. దాని మీద పాయింట్లు రాకపోతే ఇంకెవరి మీదా రావట.

మార్చి 9

నాకు ఫుట్‌బాల్ మీద ఆసక్తి లేదు.

మార్చి 13

మిగతా పదకొండు జట్ల పేర్లూ పవన్‌ని అడిగి తెలుసుకున్నాను. జ్ఞాపకశక్తి తగ్గకుండా ఇలాంటివి గుర్తుపెట్టుకోవడం మంచిదని డాక్టరు చెప్పాడు.

మార్చి 20

ఆటల తేదీలు వచ్చాయి. మొదటి ఆట ఏప్రిల్ 27, ఆదివారం, హుమ్మలో. మసేను ఎగిరి గంతేసినంత పని చేశాడట. బలహీనమైన జట్టు మొదటే తగిలింది.

నేను గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఇప్పుడు రాయక తప్పదు.

ఆ రోజు మెట్ల మీద కళ్ళు మూసుకుని నేను మా ఊరి అమ్మవారికి మొక్కుకున్నదేమిటంటే: తల్లీ ఠాకురాణీ, ఈ ఒక్క బంతి ఆపించు, ఈసారి జాతరకి వీడికి పులి వేషం కట్టిస్తాను.

ముప్పై ఏళ్ళు కాలేజీలో తర్కశాస్త్రం చెప్పినదాన్ని. కారణం, కార్యం, వాటి మధ్య లేని సంబంధాన్ని ఉందనుకోవడం అనే పొరపాటు. ఇవి ఎంతమంది పిల్లల చేత వల్లె వేయించానో. పరీక్ష నాకు వచ్చినప్పుడు మొదటి ప్రశ్నకే తప్పాను.

మా వీధి పులులకి జాతర ఆఖరి శనివారం వంతు. పొద్దున్న రంగు వేయించుకుంటే సాయంత్రం దాకా డప్పుల మధ్య, కాలుతున్న తారు రోడ్డు మీద ఒట్టి కాళ్ళతో గెంతాలి. జాతర రోజుల్లో దేశిబెహెరా వీధిలో తన పుట్టింటికి వచ్చి కూర్చునే అమ్మవారి చుట్టూ తిరిగితే మొక్కు తీరినట్టు. తర్వాత ఆ రంగుని కిరసనాయిలు పెట్టి తోమాలి. ఒళ్ళంతా మంట. ఆ శనివారం ఏప్రిల్ 26. మర్నాడే హుమ్మ.

ఈసారికి తప్పించి ఇంకోసారి తీరుస్తాననడానికి జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. అమ్మవారు బాకీ అన్నాళ్ళు ఉంచుతుందా? ఉంచదని తర్కం చెప్పదు. తర్కం చెప్పని విషయాల్లోనే భయం ఉంటుంది.

మార్చి 22

బుల్లమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి కొంగు మెలిపెడుతోంది.

"పెద్దమ్మగారూ, మీరు సదూకున్నోరు. మొక్కిన రోజు కాకుండా ఇంకో రోజు పులేత్తే అమ్మోరు ఒప్పుకుంటాదేటండి?"

"ఎవరికి మొక్కావు?"

"మా లక్ష్ముడికండి. ఆ ఆటలో బంతి గోల్లోకి ఎల్తే పులేయిత్తానని మొక్కేసినాను. నోరూరుకోదు కదండీ."

మనం మన భయాన్ని దేవుడి మీద రుద్దకూడదనీ, లక్ష్ముడు గోలు కొట్టింది ఎడమ కాలితో గానీ మొక్కుతో కాదనీ చక్కగా వివరించాను. చాలా బాగా చెప్పాను. బుల్లమ్మ శ్రద్ధగా విని, "అయితే ఏయించకపోతే ఏటీ అవదంటారా?" అంది.

కాసిని మరమరాలు పెట్టి పంపాను.

మార్చి 25

మసేను మళ్ళీ వచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది.

"కొంప ములిగిపోనాది అమ్మగారూ. ఇల్లిల్లూ తిరిగొచ్చేను. ఒక్క లక్ష్ముడు కాదు. ఓ తల్లి మొక్కీసింది, ఓ అత్త మొక్కీసింది, ఇంకోడికి పెళ్ళాం మొక్కీసింది. ఒకల సంగతి ఒకలకి తెలీదు. జట్టులో ఏడుగురు పులులే."

"ఏడుగురా."

"పులేసినోడు మూడ్రోజులు మనిషి కాడండి. ఆళ్ళని హుమ్మ తీసికెళ్ళి ఏటి సేయమంటారు? నడవలేనోళ్ళు పరిగెడతారా? పోనీ ఎల్లకపోతే ఆట పోయినట్టే, పైగా ఉన్న పాయింట్లు కోసేస్తారు. మనకి కొయ్యడానికి కూడా ఏటీ లేవు." టీ రెండు గుక్కలు తాగాడు. "ఒక్కటే ధైర్యం. గోల్లో మన బాబున్నాడు. మీలాటి సదూకున్నోలింట్లో ఈ గొడవలుండవు కదా."

టీలో పంచదార సరిపోయిందా అని అడిగాను.

సరిపోయిందన్నాడు.

మార్చి 26

పవన్‌కి చెప్పాను. వాడు ముందు నవ్వాడు. "మామ్మా, నువ్వా? లాజిక్ మేడమ్‌వి నువ్వా మొక్కేవు?" నేను నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

"పోన్లే మామ్మా. ఏస్తాను, మర్నాడు ఆడతాను."

"ఒళ్ళు మండుతూ ఆడతావా?"

"గోలీకి పరుగు తక్కువే కదా."

నన్ను ఊరడించడానికి అన్న మాట. వాడి ఆట వాడికి ఎంత తెలుసో నాకు తెలుసు. బంతి కోసం పక్కకి పడితే నేల మీద రాసుకుపోయేది ఆ చర్మమే.

మసేనుకి కూడా వాడే చెప్పాడు. "ఎనిమిదో పులి" అని మాత్రం మసేను అన్నాడట. నా గురించి ఏమీ అనలేదట. అంటే బాగుండేది.

ఏప్రిల్ 4

తేదీ మార్చమని మసేను లీగు వాళ్ళని అడిగాడు. జాతర ఊళ్ళో కదా, ఆట హుమ్మలో కదా, రెండిటికీ సంబంధమేమిటన్నారట. తర్కం ప్రకారం వాళ్ళదే రైటు.

ఏప్రిల్ 6

రవికాంత్‌కి తెలిసింది. బజార్లో తెలియకుండా ఏది ఉంటుంది.

"మొక్కు మొక్కే. అమ్మోరితో ఆటలేటి?" అన్నాడు. అంతే. అన్నం కలుపుకున్నాడు.

నేను వాడి ముఖం చూశాను. కొడుకు మొదటి ఆటకే కుంటుతూ వెళ్తాడు, క్లబ్బు అడుగుకి పోతుంది, దుకాణంలో కుర్చీ నిండుతుంది. పైగా దీనికంతటికీ కారణం తల్లి. ఏ తండ్రికైనా ఇంతకంటే కలిసొచ్చేదేముంటుంది? వాడు సంతోషిస్తున్నాడనుకున్నాను. అలా అనుకోవడం నాకు తేలిక.

ఏప్రిల్ 12

అపర్ణతో కలిసి అమ్మవారి దగ్గరికి వెళ్ళాను. ఆడవాళ్ళ వరసలో ఒకళ్ళ చెమట ఒకళ్ళకి అంటుకుంటూ నిలబడ్డాం. నా వంతు వచ్చాక పట్టుచీర, కొబ్బరికాయలు పెట్టి, పులి బదులు ఇవి తీసుకోమని బేరం పెట్టాను. కోమటింటి కోడలిగా ఇన్నేళ్ళలో నేర్చుకున్నది ఆ పాటి ఉంది. అక్కడ కూర్చున్న పెద్దాయన నా మాటలు విని నవ్వాడు. చీర చీరే, పులి పులే అన్నాడు ఒడియాలో. కుర్రాడికి ఒళ్ళు బాగోలేదా అని అడిగాడు. ఉన్న సంగతి చెప్పాను.

"అయితే ఇంట్లో ఇంకో మగాడు వేస్తాడు. ఇంటి మొక్కు ఎవరు తీర్చినా ఒకటే. ఎన్నోసార్లు జరిగింది" అన్నాడు.

తిరిగి వస్తూ ఆటోలో అపర్ణా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. ఇంట్లో ఇంకో మగాడు ఒక్కడే ఉన్నాడు. యాభై రెండేళ్ళు, షుగరు, పొట్ట. దుకాణం గల్లా దగ్గర కూడా దిండు వేసుకుని కూర్చునేవాడు.

ఏప్రిల్ 13

రాత్రి భోజనాల దగ్గర పెద్దాయన అన్న మాట చెప్పాను. ఎవరితోనూ అన్నట్టు కాదు, బెండకాయ కూరతో అన్నట్టు.

"నా వైపు సూడకు" అన్నాడు రవికాంత్.

"నేను కూర చూస్తున్నాను."

"కూరని సూసే సూపు కాదది."

అపర్ణ లేచి మజ్జిగ తేవడానికి వెళ్ళింది. మజ్జిగ బల్ల మీదే ఉంది.

ఏప్రిల్ 19

పవన్ నాతో మామూలుగానే ఉన్నాడు. ఈ వారమంతా దానికంటే కష్టమైనది ఇంకోటి లేదు.

ఏప్రిల్ 25

రవికాంత్ దుకాణం పెందలాడే కట్టి ఎక్కడికో వెళ్ళాడు. ఆలస్యంగా వచ్చాడు. ఎక్కడికెళ్ళావంటే వసూళ్ళకన్నాడు.

ఏప్రిల్ 26, శనివారం

వరసగా రాస్తాను.

తెల్లవారుతూనే పవన్ కాశయ్య గిడ్డంగికి వెళ్ళాడు. మా వీధి పులులకి రంగు వేసేది కాశయ్యే. గంట కాకముందే తిరిగి వచ్చేశాడు, ఒంటి మీద చుక్క రంగు లేదు.

"నా సోట ఖాళీ లేదు మామ్మా."

"అంటే?"

"నాన్న కూకున్నారు."

అపర్ణా నేనూ చెప్పులు వేసుకున్నామో లేదో కూడా గుర్తులేదు. గిడ్డంగిలో రవికాంత్ రెండు చేతులూ చాపి రెండు వెదురు కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నాడు, రంగు ఆరడానికి. నిలువెల్లా పసుపు. పొట్ట మీద నల్ల చారలు. వాడి పక్కన అదే వరసలో, అవే కర్రలు పట్టుకుని, లక్ష్ముడి ఇల్లు తప్ప మిగిలిన పులి మొక్కుల ఇళ్ళ తండ్రులూ, మామలూ. ఒకాయనకి బట్టతల మీద కూడా చారలు వేశాడు కాశయ్య.

"బాబుగారి పొట్టకే డబ్బా అయిపోనాదండి" అన్నాడు కాశయ్య నాతో. "ఓ సార ఇటునించి మొదలెడితే అటేపుకి ఎప్పుడెల్తాదో."

నేను నోరు తెరిచాను.

"నువ్వు మాటాడకు అమ్మా" అన్నాడు నా కొడుకు, పెదవులు కదపకుండా. "ముఖం కదిలితే మీసాలు పాడైపోతాయంట."

"ఎందుకురా?" అన్నాను. అంతకంటే పెద్ద ప్రశ్న తట్టలేదు.

వాడు గోడ వైపు చూస్తూ చెప్పాడు. "ఆడినాక కిందికి పోతే దుకాణానికి తెస్తానన్నాను. ఆడనివ్వకుండా తెస్తే అది దొంగతూకం. ఆడు జీవితాంతం గల్లా దగ్గర కూకుని నా మొహంలో అదే సూస్తాడు."

నిన్న వసూళ్ళంటూ వాడు తిరిగింది ఈ ఇళ్ళన్నీనట. ఒక్కొక్క తండ్రిని కూర్చోబెట్టి, సరుకు అంటగట్టినట్టు అంటగట్టి వచ్చాడు. ఒకాయన నడుం నొప్పి అంటే, పులికి నడుం నొప్పి రాకూడదని ఎక్కడుంది అన్నాడట.

ఊరేగింపు గురించి ఏం రాయను. బరంపురంలో ఇన్ని జాతరలు చూశాను, ఇంత నిదానంగా నడిచే పులుల్ని చూడలేదు. డప్పులవాళ్ళు రెండుసార్లు వెనక్కి వచ్చి వీళ్ళని కలుపుకున్నారు. ఒక పులి కిళ్ళీకొట్టు మెట్ల మీద కూర్చుని సోడా అడిగింది. మేడల మీద జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మా రవికాంత్ మొదట సిగ్గుపడుతూ కాళ్ళు కదిపాడు. తర్వాత ఎక్కడో, గడియారం స్తంభం దాటాక కాబోలు, నిజంగా గెంతాడు. ఒక చిన్నపిల్ల భయపడి ఏడిచింది. వాడి మొహంలో గర్వం నేను చూశాను. రంగు కింద నుంచి కూడా కనపడింది.

అమ్మవారి చుట్టూ తిరిగి మిగతావాళ్ళు నీడలో కూలబడ్డారు. రవికాంత్ మాత్రం వెనక్కి తిరిగి, మళ్ళీ డప్పులు కొట్టమన్నాడు. ఆ ఎండలోనే రెండోసారి బయల్దేరాడు. నాకు అర్థం కాలేదు. నా పక్కన బుల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"మా గుంటడికి తండ్రి లేడు కదండీ" అంది. "ఈ తూరి ఆడి పేరు మీదండి."

సాయంత్రం కిరసనాయిలూ కొబ్బరినూనే పట్టుకుని అపర్ణ ఒక పక్క, నేను ఒక పక్క తోమాం. వాడికి చిన్నప్పుడు ఒళ్ళు తోమినప్పుడు కూడా ఇలాగే నన్ను తిట్టేవాడు. పవన్ గడపలో నిలబడి చూస్తున్నాడు. లోపలికి రాలేదు, వెళ్ళనూ లేదు.

"ఎల్లి పడుకో" అన్నాడు తండ్రి. "రేపు ఆటుంది."

ఏప్రిల్ 27, ఆదివారం

ఓడిపోయారు. రెండు–ఒకటి.

హుమ్మ మైదానం చివర నిలబడితే ఉప్పు మడులు తెల్లగా మెరుస్తూ కళ్ళు తెరవనివ్వవు. లక్ష్ముడు మొదట్లోనే గోలు కొట్టాడు. బుల్లమ్మ నా భుజం పట్టి ఊపేసింది. విరామం దాకా మనవాళ్ళదే పైచేయి. తర్వాత గాలి తిరిగింది. వెనకాల బరువైనవాళ్ళిద్దరూ ఇంకా బరువెక్కారు. ఒకటీ ఒకటీ అయింది. పవన్ మూడు నాలుగు బంతులు ఎలా ఆపాడో నాకు తెలియదు, ఈసారి కళ్ళు తెరుచుకునే ఉన్నాను, అయినా తెలియదు. ఆట అయిపోతుందనగా ఒక పొడుగు బంతి వచ్చింది. పవన్ ముందుకి పరిగెత్తాడు. వాడి కంటే ముందు అవతలివాడి కాలు పడింది. బంతి పవన్ తల మీదుగా వెళ్ళి ఖాళీ గోల్లో పడింది.

రవికాంత్ ఆట మొత్తం గీత పక్కన నిలబడే చూశాడు. కూర్చోలేడు. ఒంటి మీద పల్చటి బనీను, చెవుల మడతల్లో ఇంకా పసుపు. వచ్చేటప్పుడు వ్యానులో కూడా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. నేను కూడా.

ఆట అయ్యాక మా వెనకాల ఒకాయన గట్టిగానే అన్నాడు. హుమ్మ మీద కూడా నెగ్గలేకపోయారు, వీళ్ళు వచ్చిన దారినే పోతారని. ఆయన అన్నది మసేను చెప్పిందే. రవికాంత్ మెల్లగా వెనక్కి తిరిగాడు.

"పది ఆటలున్నాయి ఇంకా" అన్నాడు. "పది."

ఆయన వీడి చెవులు చూసి పక్కకి జరిగాడు.

పవన్ వచ్చాడు. చేతి తొడుగులు విప్పి పట్టుకుని, తల ఎత్తలేదు. తండ్రి ఎదురుగా వచ్చి ఆగిపోయాడు. వాడు ఏ మాట కోసం ఎదురు చూస్తున్నాడో నాకు తెలుసు. దుకాణం అనే మాట కోసం. అపర్ణకీ తెలుసు.

"ఆ రెండోదానికి" అన్నాడు రవికాంత్, "అంత ముందుకెందుకొచ్చేవు?"

పవన్ తల ఎత్తాడు. పుట్టి ఇరవై నాలుగేళ్ళలో వాడి నాన్న వాడి ఆట గురించి అడిగిన మొదటి మాట అది.

"రాకపోతే ఆడు తిన్నగా కొట్టేస్తాడు నాన్నా. వస్తే గోలు సిన్నదైపోతాది ఆడికి. నేను ఒక్క అడుగు ఆలస్యం."

"సిన్నదైపోవడమేటి? గోలు అక్కడే ఉంటాది కదా."

"కాదు నాన్నా, ఇటు సూడు..." అని వాడు చెప్పడం మొదలుపెట్టాడు. వ్యాను ఎక్కినా ఆపలేదు. హుమ్మ నుంచి ఇంటి దాకా చెబుతూనే ఉన్నాడు. తండ్రి కడ్డీ పట్టుకుని నిలబడి, ఒళ్ళు మండుతున్నప్పుడల్లా మొహం చిట్లిస్తూ, మళ్ళీ అడుగుతూనే ఉన్నాడు. మసేను ముందు సీట్లోంచి ఒక్క మాటా కలపలేదు. నోరు లేదని తను అన్న కుర్రాడు ఇంతసేపు మాట్లాడటం ఆయనా వింటున్నాడు.

ఇంతకీ ఆ రెండో గోలు ఆఫ్‌సైడ్. నన్నెవరూ అడగలేదు.